వంద కిలోమీటర్లు సర్కారు తోస్తది.. ఆఖరి రెండు అడుగులు మనం గుంజుతం

మొన్న మా గల్లీల ఒక పంచాయితీ అయింది. ముందటింటాయన నల్లాకు మోటరు పెట్టిండని ఎనుకింటి అవ్వ ఖాళీ బిందె పట్టుకొని ఆయన గడప మీద కూసున్నది. ‘‘నాయినా, నువ్వు గుంజుడు ఆపితెనే నేను లేస్త’’ అన్నది. ఆయన తలకాయ వంచుకొని మోటరు బంద్ చేసిండు. ఐదు నిమిషాలైనంక అవ్వ ఇంటి నల్లాకు సన్నగ ధార పడ్డది. అవ్వ లేచి పోయింది. ఆమె గల్లీ మలుపు తిరిగిందో లేదో, మోటరు మల్ల మోగింది.

నేను ఆయనను తిట్టలె. ఎందుకంటె రెండేండ్ల కింద ఆ తప్పు నేను గుడ చేసిన.

హైదరాబాద్ బస్తీలల్ల ఉండేటోళ్లకు ఈ ముచ్చట కొత్తది కాదు. నల్లాకు, మోటరుకు నడుమ ఒక పైపు ముక్క ఉంటది. రెండు అడుగులో, మూడు అడుగులో. వంగుతది, మలుగుతది, అవసరం తీరినంక ఊడబీకి సజ్జ మీద దాచిపెట్టొచ్చు. ఎండాకాలం వచ్చిందంటె హార్డ్‌వేర్ దుకాణాల ముందట చుట్టలు చుట్టలుగ ఏలాడుతుంటది. ఎవలూ పెద్దగ పట్టించుకోరు గని, నీళ్ల కష్టం సంగతి అర్థం గావాలంటె ఆ పైపు ముక్క కాడికెల్లే మొదలువెట్టాలె.

గుంజేదా? తోసేదా?

నేను పైపు కొననీకి పోయిన్నాడు షాపాయన ఒక్కటే మాట అడిగిండు: ‘‘అన్నా, నీళ్లు గుంజేదానికా, తోసేదానికా?’’ నాకు తేడా తెల్వది. రెండిట్ల అగ్గువది ఇయ్యమన్న. ఆయన చెట్లకు నీళ్లు పట్టే పల్చటి పైపు కోసి ఇచ్చిండు.

ఇంటికొచ్చి నల్లాకు ఒక దిక్కు, అర హెచ్‌పీ మోటరుకు ఇంకో దిక్కు తగిలిచ్చి స్విచ్ ఏసిన. నిమిషం గుడ కాలె, పైపు తొక్కినట్టు చప్పగైపోయింది. మోటరు ఒట్టిగనే తిరిగి తిరిగి ఏడెక్కింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. నీళ్లు తోసే పైపుల ఒత్తిడి లోపటికెల్లి బయటికి ఉంటది, పైపు ఉబ్బుతది. గుంజే పైపుల లోపట ఖాళీ అయితది, బయట గాలి దాన్ని నలిపేస్తది. అందుకే గుంజేదానికి గట్టి చుట్టు ఉన్న పైపు కావాలె. దుకాణాలల్ల ‘సక్షన్ పైపు’ అంటరు, జనం పచ్చ పైపు అంటరు. దాని ఒంటి చుట్టూ స్ప్రింగు లెక్క గట్టి తీగె తిరిగి ఉంటది.

మల్ల పోయి పచ్చ పైపు తెచ్చిన. ఈసారి నల్లా సైజు అర ఇంచు, మోటరు మూతి ఒక ఇంచు. నడుమ నిప్పలు, రెండు క్లాంపులు, టెఫ్లాన్ టేపు కావాలన్నడు. క్లాంపులకు ఏం పైసలు పెడుతం అని పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి గట్టిగ చుట్టిన. పని నడిచింది. నాలుగు నిమిషాలు పట్టే 20 లీటర్ల క్యాను నిమిషంల నిండింది. ఆ దినం ఇంట్ల పండుగే.

రెండు వారాలైనంక నీళ్లు జెర వాసన కొట్టినయ్. మా చిన్నోడికి మూడు దినాలు విరేచనాలు పట్టుకున్నయ్. నీళ్లతోనే అయిందని డాక్టరమ్మ గట్టిగ చెప్పలె, గని నీళ్లు కాగబెట్టి తాపమన్నది. తెల్లారి తెలిసిన ప్లంబరన్నను పిలిచిన. ఆయన ఒక్క పని చేసిండు. సబ్బు నురగ తీసి నేను ట్యూబు చుట్టిన జాయింటు మీద పెట్టిండు. మోటరు ఏసిండు. నురగ బుడగలు బుడగలుగ బయటికి రాలె. మెల్లగ లోపటికి పోయింది.

‘‘నీళ్లు కారుతలేవు గదా అని సంబురపడ్డవ్. కారుతలేవు, ఎందుకంటె ఇది గుంజుతున్నది. బయట ఏమున్నా లోపటికి గుంజుతది’’ అన్నడు.

బయట ఏమున్నది? నల్లా గుంత. మా దిక్కు నీళ్ల జోరు తక్కువని నల్లాలను నేల మట్టం కన్న కిందికి, గుంతలల్ల పెట్టుకుంటం. కింద ఉంటె నాలుగు చుక్కలు ఎక్కువ వస్తయని ఆశ. ఆ గుంతల బట్టలు ఉతికిన నీళ్లు, వాన నీళ్లు, ఒక్కోసారి మోరి నీళ్లు నిలుస్తయ్. నా జాయింటు ఆ నీళ్లల్లనే మునిగి ఉన్నది. అంటె నేను నా పిల్లలకు నల్లా నీళ్లతోని గుంత నీళ్లు కలిపి తాపిన.

ఒక్కింటి తప్పు, గల్లీ మొత్తానికి

ఇది నా ఇంటితోని ఆగే ముచ్చటైతె రాయకపోదును. ఒకే లైను మీద పది ఇండ్లు ఉంటయ్. నాకంటె పెద్ద మోటరు పెట్టినోడు గుంజితె లైన్ల నీళ్లు వాని దిక్కే పోతయ్. అంతటితోని అయిపోదు. లైను ఖాళీ అయినప్పుడు నా ఇంటి నల్లా తెరిచి ఉంటె, నా గుంతల నీళ్లు ఎనుకకు లైన్లకు పోతయ్. అక్కడికెల్లి వాని గ్లాసులకు పోతయ్. భూమిల పాత పైపుకు ఎక్కడన్న పగులు ఉండి, దాని పక్కపొంటి మోరి పారుతుంటె, ఆ మురికి గుడ అట్లనే వచ్చి కలుస్తది.

అసలు నీళ్లు గంట ఇచ్చి బంద్ చేసుడే ఒక ఆపద. నీళ్లు లేనప్పుడు పైపు ఖాళీగ ఉంటది, చుట్టుపక్కల తడి లోపటికి దిగుతది. కర్ణాటకల హుబ్బళ్లి, ధార్వాడలల్ల కొన్ని వార్డులకు 24 గంటలు నీళ్లిచ్చి, మిగతా వార్డులకు ఎప్పటి లెక్కనే విడిచి విడిచి ఇచ్చిండ్రు. పరిశోధకులు రెండు రకాల నల్లాల నీళ్లు పరీక్ష చేస్తె, విడిచి విడిచి వచ్చే నీళ్లల్లనే కలుషితం ఎక్కువసార్లు బయటపడ్డది. మనకాడ భోలక్‌పూర్‌ను మర్చిపోతమా? 2009 మే నెలల కలుషితమైన నల్లా నీళ్లు తాగి అక్కడ ప్రాణాలు పోయినయ్. పైపులల్ల మురికి కలిస్తె ఏమయితదో ఈ నగరానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇగ కరెంటు ముచ్చట. తడి గుంత, ఇనుప మోటరు, టేపు చుట్టిన వైరు. మోటరు నీళ్లు అందుకుంటలేదని స్విచ్ బంద్ చెయ్యకుంటనే పైపు ఊపి చూస్తరు. ప్లగ్గు పీకినంకనే పైపు ముట్టాలె. ఇంటి మీటరు కాడ ఆర్‌సీసీబీ పెట్టించుకుంటె, ఒంటికి షాక్ తగలంగనే రెప్పపాటుల కరెంటు కొట్టేస్తది. దానికి పెట్టే పైసలు మోటరు ధర కన్న ఎక్కువేం కావు.

జరిమానా న్యాయమే, గని సగమే

2025 ఏప్రిల్ 15 నుంచి హైదరాబాద్‌ల జలమండలి నల్లా మోటర్ల మీద డ్రైవ్ పెట్టింది. నల్లాకు మోటరు దొరికితె గుంజుకపోవుడు, రూ.5 వేల జరిమానా. అదే ఎండాకాలం బెంగళూరుల గుడ గిట్లనే రూ.5 వేలు అన్నరు. ఆఫీసర్లు చెప్పే మాట సాఫ్‌గనే ఉన్నది: ‘మీరు గుంజబట్టే చివరి ఇండ్లకు ప్రెషర్ వస్తలేదు’. ఇది నిజం. నేను కాదంటలేను. మా అవ్వ గడప మీద కూసున్నదే దానికి సాక్ష్యం.

కాకపోతె ఒక లెక్క చెప్త, ఇనున్రి.

2021 జనవరిల గ్రేటర్ హైదరాబాద్‌ల నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల స్కీము మొదలైంది. దినం తప్పి దినం నీళ్లొస్తె నెలకు 15 సార్లు. 20 వేల లీటర్లు పట్టుకోవాలంటె ఒక్కో సారికి 1,333 లీటర్లు రావాలె. మోటరు లేకుంట నా నల్లాకు 20 లీటర్ల క్యాను నిండనీకి 4 నిమిషాలు. అంటె నిమిషానికి 5 లీటర్లు, గంటకు 300 లీటర్లు. నెలకు 4,500 లీటర్లు. కాయితం మీద 20 వేలు, బిందెల 4,500.

ఉచితమంటె బిల్లు మాఫీ, అన్ని నీళ్లు తప్పకుంట ఇస్తమని కాదు, నిజమే. అయితె ఆ 4,500ను ఐదుగురున్న ఇంటికి పంచున్రి. మనిషికి దినానికి 30 లీటర్లు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల మనిషికే 55 లీటర్లు ఇయ్యాలని కేంద్రం రాసుకున్నది. మిషన్ భగీరథల పల్లెకు 100 లీటర్లన్నరు. డ్రైనేజీ ఉన్న పట్నాలల్ల మనిషికి 135 లీటర్లు కావాలని కేంద్రం ఇంజనీర్ల మాన్యువలే చెప్తది. మూడు లెక్కలల్ల ఏ లెక్క చూసినా 30 అడుగునే ఉన్నది. మరి మోటరు పెడితె అదే గంటల 1,200 లీటర్లు పడుతున్నయ్. ఇగ ఎవలు పెట్టకుంట ఉంటరు చెప్పున్రి?

అదే మాన్యువల్ 1999 ఎడిషన్‌ల ఇంకో మాట గుడ చెప్పింది. ఒక్క అంతస్తు ఇల్లున్న జాగల నీళ్ల ఒత్తిడి కనీసం 7 మీటర్ల ఎత్తుకు ఎక్కేంత ఉండాలె. రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్లు. నల్లా నేల మీద ఉంటె నీళ్లు రాక, గుంత తవ్వి కిందికి దించుకున్నోళ్ల కాడికి ఈ 7 మీటర్లు ఎప్పుడొస్తయ్? మోటరు పట్టుకోనీకి గల్లీకి టీము వస్తది. అదే గల్లీ చివర ప్రెషర్ మీటరు పెట్టి, ఎంతున్నదో రాసి, జనానికి చూపెట్టే టీము గుడ రావాలె గదా.

సంపు ఉన్నోనికి హక్కు, లేనోనికి తప్పు

ఈ కథల నాకు అన్నిటికన్న ఎక్కువ గుచ్చుకునేది ఇంకోటి ఉన్నది. మోటరు పెట్టుడు తప్పు కాదు. నల్లా లైనుకు నేరుగ పెట్టుడు తప్పు. నల్లా నీళ్లు సంపుల పడి, సంపుల నుంచి మోటరుతోని పైకి ఎక్కిస్తె అది చట్టమే. మురికి ముచ్చట చూసినా అదే సరైన పద్ధతి. ఎందుకంటె గుంజుడు సంపుల నుంచే, లైను నుంచి కాదు.

గని సంపుకు జాగ కావాలె. అపార్ట్‌మెంటుకు సంపు ఉంటది. 200 గజాల ఇంటికి సంపు ఉంటది. 60 గజాలల్ల మూడు పోర్షన్లు కట్టి కిరాయికిచ్చిన ఇంట్ల సంపు ఎక్కడ తవ్వుతరు? కిరాయికి ఉన్నోళ్లు ఓనరు ఇంట్ల గడ్డపార ఎట్ల దించుతరు? అందుకే గంట నీళ్లల్ల పెద్ద సంపులు మోటరు లేకుంటనే, చట్టం దాటకుంటనే నిండిపోతయ్. లైను మొదట్ల, లోతుల ఉన్న సంపుకు నీళ్లు వాటంతట అవే దిగుతయ్. చివరి ఇంటోళ్లకు వచ్చేది గాలి. ఆ గాలిని గుంజనీకి మోటరు పెట్టినోడే దొంగయితడు. జరిమానా రాసుడు అందరికీ ఒక్కటే గని, పడేది మాత్రం ఎప్పుడూ జాగ లేనోని మీదనే.

మోటర్ల పోటీ గుడ గిట్లనే పుడతది. బతుకమ్మ చూడనీకి ముందటోడు లేచి నిలబడ్డడు. ఎనుకోనికి కనబడక బండ ఎక్కిండు. వాని ఎనుకోడు గోడ ఎక్కిండు. ఆఖరికి అందరూ కాళ్లు గుంజంగ నిలబడ్డరు, ఎవలకూ మొదలుకంటె ఎక్కువ కనబడ్తలేదు. అర హెచ్‌పీ పెట్టినోని పక్కన ఒక హెచ్‌పీ వచ్చింది. కరెంటు బిల్లు పెరిగింది, లైన్ల నీళ్లు మాత్రం అన్నే. ఈ పోటీల ఓడిపోయేది మోటరు కొనలేని అవ్వనే.

ఆఖరి రెండు అడుగులు ఎవలవి?

1908ల మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920ల, హిమాయత్‌సాగర్ 1927ల పూర్తయినయ్. ఆ చెరువుల నీళ్లు పల్లానికి వాటంతట అవే పారి పట్నానికి వచ్చినయ్. పట్నం పెరిగింది, అవి సాలలె. మంజీర తెచ్చిండ్రు, సింగూరు తెచ్చిండ్రు. తర్వాత నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి తెచ్చిండ్రు. వంద కిలోమీటర్ల అవతలి నుంచి పెద్ద పెద్ద మోటర్లతోని నీళ్లను గుట్టలు ఎక్కిచ్చి తెస్తున్నరు. దానికి ఎంత కరెంటు, ఎంత ఖర్చు!

ఇంత చేసి, గల్లీ చివరికి వచ్చేసరికి జోరు సచ్చిపోతది. అక్కడికెల్లి సర్కారు పని అయిపోయింది, నా పని మొదలైంది. నా పనికి నా దగ్గర ఉన్నది సైకిల్ ట్యూబు చుట్టిన పచ్చ పైపు. కోట్ల రూపాయల ప్రాజెక్టుల ఆఖరి జాయింటు అదే. ఫిల్టర్ బెడ్ల కాడ శుద్ధి చేసిన నీళ్లకు మల్ల మురికి కలిసేది గుడ అక్కడనే.

ఇది మారదా అంటె, మారుతది. ఒడిశాల పూరి పట్నం 2021 జులై నుంచి ఇంటింటికి 24 గంటలు, నల్లా కాడ తాగే నీళ్లు ఇస్తున్నది. పూరి చిన్నది, హైదరాబాద్ పెద్దది, ఒక్కటే లెక్క కాదు. అయినా ఒక్క సంగతి మాత్రం సాఫ్: లైన్ల ఎప్పటికీ నీళ్లుంటె మోటరుతోని పనే లేదు. ఎవలూ పెట్టరు.

24 గంటలు వచ్చేదాక ఆగాల్సిన పని లేదు. ఇప్పుడే చేసేవి ఉన్నయ్. ఒకటి, ప్రతి లైను చివర ప్రెషర్ ఎంతున్నదో కొలిచి అందరికీ కనబడేటట్టు పెట్టాలె. 7 మీటర్లు రాని గల్లీల ముందుగాల నోటీసు, సాయం. జరిమానా ఆ తర్వాత. రెండు, సంపుకు జాగ లేని ఇండ్లకు 500 లీటర్ల డ్రమ్ములు సగం ధరకన్న ఇయ్యాలె. నల్లా మూతికి, డ్రమ్ముల నీళ్లకు నడుమ జానెడు ఎడం ఉంచి, నీళ్లు పైకెల్లి పడేటట్టు పెట్టాలె. మోటరు డ్రమ్ముకు పెట్టుకోవాలె. అప్పుడు పైపు ఎంత గుంజినా నా డ్రమ్మునే గుంజుతది, మా అవ్వ నల్లాను కాదు. మూడు, గల్లీకొక ఉమ్మడి సంపు. కమ్యూనిటీ హాలు పక్కన పది అడుగుల జాగ దొరకదా? నాలుగు, డ్రైవ్ పెడితె లైను మొదటి నుంచి పెట్టాలె, పెద్ద బిల్డింగుల కాడికెల్లి. చివరి గుడిసె కాడ మొదలువెట్టొద్దు.

మనం చేసేవి గుడ ఉన్నయ్. గుంతల నీళ్లు నిలవకుంట నల్లాను పైకి లేపాలె. డ్రమ్ము నుంచి గుంజే పైపైనా సరే, ఐఎస్‌ఐ మార్కు చూసి సక్షన్ పైపే కొనాలె. ట్యూబు ముక్కలు కాదు, రెండు దిక్కులా క్లాంపులు ఎయ్యాలె. సబ్బు నురగ పెట్టి ఒకసారి చూసుకోవాలె. పది రూపాయల సబ్బు నిజం చెప్తది.

అవ్వ గడప మీద కూసున్న దినం రాత్రి గల్లీల తొమ్మిది ఇండ్లోళ్లం కూసొని మాట్లాడుకున్నం. అందరం ఒక్కటే దినం మోటర్లు తీసేద్దామన్నం. తీసేసినం. మొదటిసారి అవ్వ ఇంటి నల్లాకు ఎవల గడప ఎక్కకుంటనే నీళ్లొచ్చినయ్. నా క్యాను 4 నిమిషాలకు బదులు మూడు నిమిషాలల్ల నిండింది. మూడు నిమిషాలకు నిండితె గంటకు 400 లీటర్లు. బాగుపడ్డది, గని సాలదు. మూడో వారంల ఒకింట్ల పెండ్లి పడ్డది, చుట్టాలొచ్చిండ్రు. ఆ ఇంట్లకెల్లి తెల్లారుజామున మల్ల గుర్‌ర్ మని చప్పుడు వచ్చింది. నేను పోయి అడగలె. నాకు గుడ లోపట భయమే, వాళ్లను సూసి ఇంకోలు పెడతరని.

జనం మాట మీద నిలబడాలంటె నీళ్లు గుడ మాట మీద నిలబడాలె. టైముకు రావాలె, జోరుగ రావాలె. అప్పటిదాక నాలాంటోడు మోటరు తీసేస్తడు గని, పైపు పారెయ్యడు. నా పచ్చ పైపు ఇంకా సజ్జ మీదనే ఉన్నది.